పాతబడిన కొత్త విద్యార్థిని

మీరే చేశారు, ఇంకెవరూ కాదు. కొత్తగుట్ట విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో, ఏసీ గదిలో, జీడిపప్పు పళ్ళెం చుట్టూ కూర్చుని తీర్మానాలు రాసిన పెద్దలారా, ఒక ఆడపిల్ల సీటు ఊడగొట్టింది మీరే. వరద రాలేదు. బస్సు బోల్తా పడలేదు. పిల్ల ఆలస్యంగానూ రాలేదు. మీరు స్వాగతం చెప్పి మరీ ఊడగొట్టారు. ఎట్లాగో మీకు తెలుసు. అయినా సరే, మళ్ళీ వినండి.

ఆ పిల్ల పేరు మామిండ్ల రచిత. డిగ్రీ పాసై, ఎంట్రన్సు రాసి, ఎమ్మెస్సీ భూగర్భశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. ఆ సబ్జెక్టే ఎందుకంటే దానికో కథ ఉంది. వాళ్ళ ఊళ్ళో బోరు వేసే ముందు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని మెట్ట చెలకంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డచోట నీళ్ళున్నట్టు లెక్క. రచిత వాళ్ళ చెలకలో కాయ బ్రహ్మాండంగా నిలబడింది గానీ బోరు మాత్రం దుమ్మే కక్కింది. అప్పుడు ఐదో తరగతిలో ఉన్న రచిత, బోరు బండి పైకి తోసిన మట్టిని ఎర్రది ఎర్రదిగా, పసుపుది పసుపుదిగా, ఆఖర్న నల్లటి రాతిపొడిని వేరుగా గోడ వెంబడి కుప్పలు పెట్టి, వచ్చేపోయే వాళ్ళందర్నీ అడిగింది: "కింద ఏమున్నది?" ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పేవాళ్ళు యూనివర్సిటీలో ఉంటారని బడిపంతులు అన్నాడు. ఆ మాట పట్టుకుని వచ్చింది పిల్ల.

సీటు వచ్చినవాళ్ళు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు క్యాంపస్‌కు వచ్చి, తరగతిలో పేరు ఎక్కించుకోవాలి. లేకపోతే సీటు రద్దు. రచిత బుధవారం పొద్దున్నే బస్సు దిగింది. వెంట చిన్నమ్మ భూలక్ష్మి, ఒక ట్రంకుపెట్టె, ఒక బకెట్టు, బకెట్టులో మురుకుల డబ్బా. భూలక్ష్మి అంగళ్ళలో గాజులమ్ముతుంది కాబట్టి ఆమె గుసగుస కూడా నాలుగు దుకాణాల దాకా వినిపిస్తుంది.

గేటు దాటీ దాటకముందే బ్యాండు మోగింది. పట్టులంగాల అమ్మాయిలు పన్నీరు చిలకరించారు. పైనుంచి బంతిపూల రేకులు రాలాయి. 'నవాగత విద్యార్థులకు హృదయపూర్వక స్వాగతం' అని గుడ్డమీద అక్షరాలు.

"సూసినవా రచితా! మనమొస్తున్నమని వీళ్ళకెట్ల తెల్సిందే?" అంది భూలక్ష్మి. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

గట్టిగా విజిల్ మోగింది.

"ఆపండి! పూలు సమయానికి ముందే పతనమయ్యాయి. నవాగతులు యథాస్థానానికి వెళ్ళాలి."

ఆ మాటన్నది మెడలో విజిల్, చేతిలో మెగాఫోను ఉన్న ఒక పెద్దమనిషి. పేరు ప్రొఫెసర్ విభూతి నరహరి. హోదా, స్వాగత సంసిద్ధతా విభాగ సంచాలకులు. అంతకుముందు ఆయన ఏదో పాఠం చెప్పేవారు. ఏ పాఠమో ఇప్పుడు ఆయనకు కూడా గుర్తులేదు.

ఊడ్చేవాళ్ళు వచ్చి రేకుల్ని చేటల్లోకి ఎత్తారు. రచిత, చిన్నమ్మ మళ్ళీ గేటు బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చారు. మళ్ళీ విజిల్.

"అమ్మా, ఇందాక కళ్ళు తుడుచుకున్నారు. ఆ భావప్రకటన అమోఘం. ఈసారి ఎందుకు లోపించింది?"

"నీళ్ళు ఒక్కసారే వచ్చినయ్ సారూ. మల్ల రమ్మంటే ఏడికెల్లి వస్తయ్?"

"ప్రయత్నించండి. ఇప్పుడు మీరు వచ్చారనుకోండి..."

"వచ్చినం సార్," అంది రచిత.

"వచ్చారనుకోండి."

"అనుకునుడు కాదు సార్, నిజంగనే వచ్చినం. పొద్దుగాల బస్సుకు."

నరహరి గారు జాలిగా నవ్వారు. డమ్మీలు పాత్రలో ఇంతగా లీనమవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

సంగతేమిటంటే, విశ్వవిద్యాలయాలకు మార్కులు వేయడానికి 'స్వాగత ప్రమాణాల సంఘం' అని ఒకటి పుట్టింది. పాఠాలెట్లా చెప్తున్నారని అది అడగదు. కొత్తవాళ్ళను ఎట్లా ఆహ్వానిస్తున్నారని మాత్రమే చూస్తుంది. ఆ సంఘం శుక్రవారం మధ్యాహ్నం వస్తోంది. అందుకని నెల రోజులుగా తరగతులు ఆపి మరీ స్వాగతానికి రిహార్సల్ వేస్తున్నారు. కొత్త విద్యార్థుల్లా నటించడానికి సీనియర్లను డమ్మీలుగా పెట్టారు. వాళ్ళు ఆరోజు మ్యాట్నీకి చెక్కేశారు. సరిగ్గా అప్పుడే రచిత, భూలక్ష్మి గేట్లోకి నడిచారు.

రచిత సంచిలోంచి సీటు కేటాయించిన కాగితం తీసి చూపించింది. నరహరి గారు చదివారు. ముఖం పాలిపోయింది.

"మీరు... అసలు నవాగతులా?"

"అవున్సార్."

"ఎంత ఘోరం జరిగింది! నిబంధనల ప్రకారం నవాగత విద్యార్థి అనగా విశ్వవిద్యాలయ స్వాగతమును ప్రప్రథమంగా పొందు వ్యక్తి. మీరు ఇప్పటికే రెండు మార్లు పొందియున్నారు. మీ నవ్యత క్షీణించింది."

"గంటసేపు కాలేదు సార్ నేను దిగి!"

"దిగుట వేరు, నవ్యత వేరు."

భూలక్ష్మికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఏమంటున్నడే సారు?"

"నేను పాతబడ్డనట, చిన్నమ్మా."

"నిన్న కుట్టించిన డ్రస్సాయె, ఏం పాతబడ్డవే?"

మిగతా కొత్త విద్యార్థులు ఎక్కడున్నారని అడిగితే నరహరి గారు రోడ్డు అవతల ఫంక్షన్ హాలు చూపించారు. మామిడికాయల్ని గడ్డిలో పెట్టినట్టు వాళ్ళందర్నీ అందులో పెట్టారట. రిహార్సల్ కంటబడితే కొత్తదనం పోతుందని కిటికీలకు పాత ప్రశ్నపత్రాలు అంటించారు. వీడియోలు చూస్తారని ఫోన్లు తీసుకున్నారు. పూటపూటకూ భోజనం మాత్రం బాగానే పంపుతున్నారు. శుక్రవారం సంఘం ఎదుట వాళ్ళను బయటికి తీసి, ఫ్రెష్‌గా స్వాగతించి, అప్పుడు పేర్లు ఎక్కిస్తారు.

"నన్ను గూడ ఆడనే ఉంచుండ్రి సార్," అంది రచిత.

"అసంభవం. మీరు చూసినది వారికి చెప్తారు. సంక్రమణ జరుగుతుంది. అందరి నవ్యతా నశిస్తుంది." ఆయన భూలక్ష్మి వైపు కూడా ఓసారి చూశారు. "మీరిక డమ్మీగానే కొనసాగాలి. చివర్లో మీ విషయం సానుభూతితో పరిశీలిస్తాం. తల్లిగారిని కూడా ఉంచుకుంటాం. ఆ కన్నీరు మాకు అవసరం."

"తల్లిని గాదు, చిన్నమ్మను," అంది భూలక్ష్మి. కానీ అప్పటికే ఎవరో కుర్చీ వేసి, చేతికి చల్లటి బాదంపాలు ఇచ్చారు. "ఏం గాదు తియ్ బిడ్డా, మంచోళ్ళ లెక్కనే ఉన్నరు," అని ఆమె కూర్చుంది.

నమోదు కౌంటరు దగ్గర ఖాజా సాబ్ అనే గుమాస్తా ఉన్నాడు. ఆయన ముందు కొత్త కంప్యూటరు. దానిమీద పూల డిజైను టేబుల్ క్లాత్ కప్పి ఉంది. కౌంటరుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. ఆ రిబ్బను సంఘం అధ్యక్షులు కత్తిరించేదాకా కంప్యూటరు ముట్టకూడదు. కాబట్టి ఖాజా సాబ్ గుడ్డమీదే టకటకా వేళ్ళాడిస్తూ రిహార్సల్ వేస్తున్నాడు.

"పేరు?"

"మామిండ్ల రచిత."

టకటక. "కోర్సు?"

"జియాలజీ సార్."

టకటక. "ముబారక్ బేటా, నీ పేరు ఎక్కింది."

"నిజంగనా సార్?"

ఖాజా సాబ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం నిజం బేటా! గుడ్డ మీద కొడుతున్న. నెల నుంచి గిదే పని. రాత్రి నిద్రల గూడ దుప్పటి మీద కొడుతున్ననని మా ఇంట్లో ఆమె లొల్లి పెడుతున్నది."

"గుడ్డ జర లేపి కొట్టుండ్రి సార్. ఒక్క నిమిషం."

"లేపుదును. మొన్న దుమ్ము తుడుద్దామని లేపితే మెమో ఇచ్చిండ్రు. ప్రారంభోత్సవానికి పూర్వమే ప్రారంభించినవని."

గురువారం మాదిరి తరగతికి రిహార్సల్. రచిత అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది. గోడనిండా రాళ్ళ బొమ్మలున్నాయి, అద్దాల బీరువాలో నిజం రాళ్ళున్నాయి. ఒక సారు వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. సుద్దముక్క ఎత్తి బోర్డుకు అంగుళం దూరంలో గాలిలో రాశాడు. బోర్డు శుక్రవారం దాకా నల్లగా నిగనిగలాడాలని ఆర్డరు.

"నేను పాఠం చెప్పాననుకోండి. మీకు అర్థమైందనుకోండి. సందేహాలున్నాయా?"

ముందు వరసలో మ్యాట్నీ నుంచి తిరిగొచ్చిన సీనియర్ లేచి, "గ్రంథాలయం ఎచటనున్నది గురువర్యా?" అని తనకిచ్చిన ప్రశ్న అప్పజెప్పాడు. సారు సంతోషించాడు.

రచిత ఆగలేకపోయింది. "సార్, బోరు వేస్తే ఆఖర్న నల్లరాయి పొడి వచ్చింది. దానికింద నీళ్ళుంటయా, ఉండయా?"

ఆ సారు ముఖంలో ఏదో వెలుగు వచ్చింది. గాలిలో ఉన్న సుద్దముక్క బోర్డును తాకింది కూడా. "రాయిలో పగుళ్ళున్నాయా లేదా అన్నది చూడాలమ్మా. పగులుంటే..."

విజిల్.

"ఆ ప్రశ్న కార్యక్రమంలో లేదు!" నరహరి గారు పరుగెత్తుకొచ్చి రుమాలుతో బోర్డుమీది గీతను తుడిచారు. "ఆచార్యా, మీరు బోధించడం ప్రారంభించారు. గమనించారా?"

"క్షమించండి," అన్నాడు సారు. ఏదో తప్పుడు పని చేస్తూ దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం ఉపకులపతి గదిలో సమావేశం. కొత్త విద్యార్థిని నమస్కారం ఎంత వంగి పెట్టాలో చూపించడానికి రచితను లోపలికి పిలిచారు. చూపించాక పొమ్మనడం మరిచిపోయారు. గోడపక్కన చేతులు జోడించి నిలబడి అంతా వింది.

నరహరి గారు నివేదిక చదివారు. ఫంక్షన్ హాలు నుంచి కొందరు అసలు విద్యార్థుల్ని, నవ్యత పోకుండా కళ్ళకు గంతలు కట్టి, పరీక్షార్థం గేటు దగ్గరికి రప్పించారట. ఒకమ్మాయి పన్నీరు పడగానే తుమ్మింది. ఒకడు దండ వేస్తుంటే బాత్రూం ఎక్కడని అడిగాడు. ఒకరి తండ్రి ఫంక్షన్ హాల్లో ఫ్యాన్ లేదని దెబ్బలాడాడు. ఇంకొకడు అమ్మ గుర్తొచ్చి ఏడ్చాడు. అది కూడా ఏడవాల్సిన చోట కాదు.

"అయ్యా, సూటిగా విన్నవించుకుంటాను," అన్నారు నరహరి గారు. "అసలు విద్యార్థులు సహజంగా లేరు."

ఉపకులపతి జీడిపప్పు నములుతూ దీర్ఘంగా ఆలోచించారు. "డమ్మీలో?"

"పరమ సహజంగా ఉన్నారు. ముఖ్యంగా ఈ అమ్మాయి."

"అయితే శుక్రవారం అసలు వారిని బయటకు తీయవద్దు. వారి నవ్యతను సోమవారం దాకా యథాతథంగా భద్రపరచండి. నమోదు కూడా సోమవారమే. ఏకగ్రీవమేనా?"

చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి.

"సార్," అంది రచిత గోడ దగ్గర్నుంచి. "శుక్రవారం ఐదింటికి గడువు అయిపోతది. సోమవారానికి ఎవ్వలకు సీటుండది."

మాట్లాడిన గోడను చూసినట్టు చూశారు అందరూ. ఉపకులపతి మృదువుగా చెప్పారు. "అమ్మాయీ, గడువు ప్రభుత్వ పరిధిలోనిది. స్వాగతం మన పరిధిలోనిది. మన పరిధిలోనిది మనం సక్రమంగా చేద్దాం." ఆ వాక్యం ఆయనకే నచ్చి మినిట్సులో రాయించారు.

బయటికి వచ్చి రచిత చిన్నమ్మతో మొత్తుకుంది. భూలక్ష్మి అప్పటికి విశ్వవిద్యాలయం స్టోర్స్ నుంచి వచ్చిన మెరూన్ రంగు పట్టుచీర ఒంటికి పెట్టి చూసుకుంటోంది. ఆదర్శ మాతృమూర్తి పాత్రకు ఇచ్చారు.

"రేపు పెద్దోళ్ళొస్తరు గద. ఆళ్ళ ముంగటనే నీ పేరెక్కిస్తరట. ఆ విజిల్ సారే చెప్పిండు. గింత మర్యాద చేసేటోళ్ళు గంత అన్యాలం చేస్తరానే?" అంది.

రచితకు కూడా అదొక్కటే ఆశ. సంఘం అధ్యక్షులు రిబ్బను కత్తిరించాక గుడ్డ లేస్తుంది. గుడ్డ లేస్తే కంప్యూటరు పనిచేస్తుంది. మొట్టమొదట నిలబడేది తనే.

శుక్రవారం మధ్యాహ్నం సంఘం వచ్చింది. మూడు కార్లు. పూలు పడాల్సిన క్షణంలో పడ్డాయి. భూలక్ష్మి రెండు కళ్ళలోంచీ సమానంగా నీళ్ళు కార్చింది. గాలిలో పాఠం అయింది. గ్రంథాలయం ఎచటనున్నదో సీనియర్ అడిగాడు. సంఘ సభ్యులు "ఆహా" అన్నారు.

నాలుగు దాటాక కౌంటరు దగ్గరికి చేరారు. అధ్యక్షులు వెండి కత్తెరతో రిబ్బను కత్తిరించారు. ఖాజా సాబ్ గుడ్డ లేపాడు. నెల తరవాత నిజం మీటలు తగిలేసరికి గట్టిగా ఉన్నట్టనిపించింది పాపం.

పేరు కొట్టాడు. తెరమీద రచిత ఫొటో వచ్చింది. మామిండ్ల రచిత, ఎమ్మెస్సీ భూగర్భశాస్త్రం, నమోదు నిర్ధారించాలా? కింద పచ్చ బటను. రచిత కౌంటరు మీదికి వంగింది.

"ఆగండి," అన్నారు అధ్యక్షులు.

అందరూ ఆగారు.

"ప్రదర్శన అత్యద్భుతం. అయితే ఒక విషయం స్పష్టం చేయాలి. మేము సన్నాహక సంఘం మాత్రమే. అసలు సంఘం వచ్చే నెల వేంచేస్తుంది. వారు వచ్చి ఎట్లా పరిశీలిస్తారో మేము ముందుగా అభ్యాసం చేస్తున్నాం. వారికోసం రిబ్బను మళ్ళీ కట్టాలి. యంత్రాన్ని కప్పండి."

ఎవరైనా నిర్ఘాంతపోతారనుకుంటారు వినేవాళ్ళు. ఉపకులపతి ముఖం చంద్రబింబమయింది. "రిహార్సల్‌కు రిహార్సల్! దేశంలో ప్రప్రథమంగా మనమే!" నరహరి గారు విజిల్ ఊదారు. ఎవరో మెయిన్ స్విచ్ కట్టేశారు. తెర నల్లబడింది.

రచిత సంఘం ముందుకు దూకింది. "సార్! నేను డమ్మీని కాదు. నేను నిజం విద్యార్థిని. ఒక్క బటను నొక్కితే అయిపోతుండె. ఐదింటికి నా సీటు పోతది సార్!"

అధ్యక్షులు నరహరి గారి వైపు తిరిగారు. "ఈమె అసలు విద్యార్థినా?"

ఒక్క మాట చెప్తే చాలు. నరహరి గారు రచితను చూశారు, ఉపకులపతిని చూశారు.

"కాదండీ. డమ్మీయే. మా డమ్మీలు అంతగా లీనమవుతారు."

సంఘం చప్పట్లు కొట్టింది. 'సహజత్వం: అత్యుత్తమం' అని రాసుకుంది.

అప్పుడు భూలక్ష్మి లేచింది. అంగట్లో గొంతు అది. "ఎవలురా డమ్మీ? నా అక్క కడుపున పుట్టిన పోరి డమ్మీయా? నీ పూలు డమ్మీ, నీ బాదంపాలు డమ్మీ, పీపీ ఊదే నువ్వు డమ్మీ! మూడొద్దులు నాతోని ఏడిపిచ్చుకుంటివి గదరా, ఇగ చూడు నిజం ఏడుపు ఎట్లుంటదో, నీతోని ఏడిపిస్త!" ఆమె కౌంటరు గుమ్మానికి అడ్డంగా, పట్టుచీరతో నేలమీద చతికిలబడింది.

సంఘ సభ్యులు కార్లెక్కారు.

రచిత రోడ్డు దాటి పరుగెత్తింది. ఫంక్షన్ హాలు కిటికీమీది ప్రశ్నపత్రాన్ని గోళ్ళతో చించింది. లోపలి నుంచి బిక్కముఖాలు కనిపించాయి. "మీ సీట్లు పోతున్నయ్! బయటికి రాండ్రి!" అని అరిచింది. తలుపులు ఊగాయి, విరిగాయి. పిల్లలు బకెట్లతో, బ్యాగులతో గేటులోంచి పొర్లుకుంటూ వచ్చారు. ఎవరి మీదా పూలు పడలేదు. ఎవరికీ అవి గుర్తురాలేదు కూడా.

వాళ్ళు కౌంటరు చేరేసరికి ఖాజా సాబ్ చీకట్లో నిలబడి ఉన్నాడు. "కరెంటు ఇయ్యలే బేటా. అడిగిన. కాళ్ళు గూడ పట్టుకున్న," అన్నాడు. గోడ గడియారం ఐదు కొట్టింది. ఎక్కడో రాజధానిలో ఒక యంత్రం ఆ పిల్లలందర్నీ 'రాలేదు' అని రాసుకుంది.

పిల్లలు అక్కడే, కౌంటరు ముందు వరండాలో కూర్చున్నారు. కాసేపటికి నరహరి గారు వచ్చి చూసి, "కూర్చోవడంలో మంచి ఊపు ఉంది. రెండు వరుసలుగా కూర్చుంటే ఇంకా బాగుంటుంది," అన్నారు. ఒకడు చెప్పు తీశాక వెళ్ళిపోయారు.

తర్వాత స్టోర్స్ అధికారి వచ్చాడు. "అమ్మా, ఆ చీర స్టాకు. సాయంత్రానికి జమ చేయాలి."

"సీటియ్యుండ్రి, చీరిస్త," అంది భూలక్ష్మి.

"అది ప్రభుత్వ ఆస్తి!"

"నా పోరి సీటు ఎవని ఆస్తి?"

విశ్వవిద్యాలయం పోలీసులకు ఫిర్యాదు పెట్టింది. మెరూన్ రంగు, జరీ అంచు, చిలకల బుటా అని చీరను ఎంతో ప్రేమగా వర్ణించింది. ఆ ఫిర్యాదులో విద్యార్థుల ఊసే లేదు. ఇది రాసే సమయానికి వాళ్ళు ఇంకా ఆ వరండాలోనే ఉన్నారు. రచిత ట్రంకుపెట్టెమీద కూర్చుని ఉంది. పగులున్న రాయి సంగతి సగం చెప్పిన సారు నిన్న మెల్లగా వచ్చి, మిగతా సగం చెప్పబోయి, చుట్టూ చూసి, మంచినీళ్ళ సీసా ఇచ్చి పోయాడు.

ఇక చాలు పెద్దలారా. విచారణ సంఘం వేయొద్దు. సానుభూతితో పరిశీలించొద్దు. ఇవాళే కరెంటు ఇవ్వండి. వరండాలో ఉన్న ప్రతి పేరూ ఎక్కించండి. ప్రభుత్వం గడువంటే, పిల్లలు టైముకే వచ్చారు, తప్పు మాది అని మీ చేత్తో మీరు రాసి, మీ సంతకం పెట్టి, మీరే రాజధానికి మోసుకెళ్ళండి. చీర కేసు వెనక్కి తీసుకోండి. సంసిద్ధతా విభాగం మూసేసి ఆ గదిని పిల్లలకివ్వండి, హాస్టల్లో జాగా చాలడం లేదు. రేపు తొమ్మిదింటికి భూగర్భశాస్త్రం గదిలో ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని, బోర్డుకు ఆనించి, గట్టిగా నొక్కి రాయాలి. ఆ పిల్ల అడిగింది నల్లరాయి గురించి. జవాబు చెప్పండి.